పచ్చబొట్టు ఉంటే పాట వినరా?

చేతి మీద టాటూ కనబడితే శాస్త్రీయ సంగీతంలో అవకాశాలు తగ్గుతాయా? సంగీతం నేర్చుకునే టీనేజీ పిల్లలున్న ఇళ్లలో తరచూ వచ్చే వాదనే ఇది. ఈ ప్రశ్నకి విశాఖ తీరంలో ఒక్కో గుమ్మం ఒక్కో జవాబు చెబుతుంది. రేడియోది ఒక దారి, సభలది ఇంకో దారి. నౌకాదళానిదైతే ఎవరూ ఊహించని దారి!

విశాఖపట్నం నుంచి గాజువాక దాటి అనకాపల్లి వైపు వెళ్తుంటే కూర్మన్నపాలెం కూడలి వస్తుంది. అక్కడ ఎడమచేతివైపు తిరిగితే లారీల హోరు, దుమ్ము ఒక్కసారిగా వెనకబడిపోతాయి. రోడ్డుకి రెండువైపులా చెట్లు, వాటి వెనక వరసగా క్వార్టర్లు. ఇక్కడ ఇంటి గుర్తు చెప్పాలంటే సెక్టారు నంబరు చెప్పాలి. అదే ఉక్కునగరం... విశాఖ స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల టౌన్‌షిప్.

ఈ ఊరి గడియారం షిఫ్టుల ప్రకారం తిరుగుతుంది. ఒక ఇంట్లో నాన్న 'ఏ' షిఫ్టుకి బయల్దేరేసరికి పక్కింటాయన 'సి' షిఫ్టు దిగి వస్తుంటాడు. ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులు మూడు. వాటికి నంబర్లు మాత్రమే కాదు, పేర్లూ ఉన్నాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ! నిప్పులు కక్కే కొలుములకి నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్న ఊరిది.

ఇలాంటి టౌన్‌షిప్పుల్లో చదువు తర్వాత తల్లిదండ్రులు ఎక్కువగా పట్టించుకునేవి ఆటలు, సంగీతం, నాట్యం. స్కూలు బ్యాగు పడేసి వయొలిన్ పెట్టె పట్టుకుని సైకిలెక్కే పిల్లలు, సరళీ స్వరాలు వల్లెవేసే చిన్నారులు, శ్రీరామనవమి పందిట్లో తొలి కీర్తన పాడి అమ్మ వైపు చూసే అమ్మాయిలు... ఉద్యోగుల కాలనీల్లో ఇవన్నీ మామూలే. ఆ పిల్లల్లో కొందరికి సంగీతం సరదాగా మిగిలిపోతుంది. కొందరికి అదే బతుకుతెరువు అవుతుంది. పచ్చబొట్టు గొడవ మొదలయ్యేది ఈ రెండోవాళ్లకే.

అమ్మమ్మకి ఒప్పు... మనవరాలికి తప్పు?

కూతురు మణికట్టు మీద చిన్న వీణ బొమ్మ వేయించుకుంటానంటుంది. తల్లి ససేమిరా అంటుంది. 'రేపు కచేరీకి కూర్చుంటే జనం చెయ్యి చూస్తారా, పాట వింటారా' అని ఆమె భయం. ఇలాంటి వాదన జరిగేటప్పుడు ఇంట్లో ఓ పెద్దావిడ ఉంటే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఎందుకంటే ఉత్తరాంధ్ర పల్లెల్లో పుట్టిన అవ్వల్లో చాలామంది ముంజేతుల మీద పచ్చబొట్టు ఉంటుంది.

ఉక్కునగరం ఖాళీ నేల మీద లేచిన ఊరు కాదు. 'విశాఖ ఉక్కు- ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో ఆంధ్రదేశమంతా కదిలింది. పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ ఘనత వెనక 64 గ్రామాల ఖాళీ ఇళ్లున్నాయి. ఆ ఊళ్ల జనం పొలమూ చెట్టూ చేమా వదిలి పునరావాస కాలనీలకి తరలిపోయారు.

అలా వెళ్లినవాళ్లు భూమి పట్టాలు అప్పగించారు. ఇళ్లు అప్పగించారు. చేతి మీది పచ్చబొట్టు మాత్రం వాళ్లతోనే వెళ్లింది. చుక్కల వరస, తేలు బొమ్మ, తులసికోట, పుట్టింటివాళ్ల పేరు... ఎవరి ఇష్టం వాళ్లది. చనిపోయినప్పుడు ఒంటిమీది బంగారమంతా తీసేస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అని పాతకాలం ఆడవాళ్ల నమ్మకం. అందుకే నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుని మరీ పొడిపించుకునేవారు.

ఆ రోజుల్లో ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీలు సూదులతో పచ్చబొట్లు పొడిచేవారు. దీపం మసిని ఆకు పసరుతో నూరి రంగు తయారుచేసేవారు. తర్వాత తిరునాళ్లలో బ్యాటరీ మిషన్లు వచ్చాయి. ఇప్పుడు నగరాల్లో ఏసీ గదుల టాటూ స్టూడియోలు. పద్ధతి మారినా సూత్రం ఒక్కటే. రంగు చర్మం పై పొరని దాటి లోపలి పొరలో కూర్చుంటుంది. పై పొర ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తుంటుంది గానీ, లోపలి పొరలోని రంగు అలాగే ఉండిపోతుంది. వేసింది నల్ల మసే అయినా చర్మంలోంచి చూస్తే నీలం, ఆకుపచ్చ కలిసినట్టు కనిపిస్తుంది. పేరులోని పచ్చ అక్కడిదే.

మరి అమ్మమ్మ చేతి మీద ముచ్చటగా కనిపించింది, మనవరాలి చేతి మీదకి వచ్చేసరికి తప్పెలా అయింది? ఆ సంగతి తెలియాలంటే ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి చూడాలి.

మొదటి గుమ్మం: చెవులే తీర్పరులు

ఉక్కునగరం పిల్లలకి అందుబాటులో ఉన్న తొలి పెద్ద పరీక్ష ఆకాశవాణి ఆడిషన్. విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. శాస్త్రీయ సంగీత కళాకారులకి రేడియో ఇచ్చే గ్రేడ్లు బి, బి హై, ఏ, టాప్. ఆ గ్రేడు రేడియోతోనే ఆగిపోదు. కళాకారుల పరిచయాల్లో, ఆహ్వాన పత్రికల్లో పేరు కిందే అది చేరుతుంది. సంగీతం మీద బతకాలనుకునేవారికి అదో అర్హత పత్రం లాంటిది.

ఈ పరీక్షలో విశేషమేంటంటే... పాడేవాళ్లు స్టూడియోలో ఉంటారు, తీర్పు చెప్పేవాళ్లు గొంతునే వింటారు. పై గ్రేడులకి రికార్డింగు వెళ్తుంది తప్ప మనిషి మొహం వెళ్లదు. చీర రంగేంటి, చేతి మీద ఏముంది... మైక్రోఫోనుకి అక్కర్లేదు. శ్రుతి నిలిచిందా, తాళం తప్పిందా, రాగం స్వరూపం పట్టుబడిందా అన్నదే లెక్క. ఇక్కడ పచ్చబొట్టుకి మార్కులు కలవవు, తెగవు.

నిజానికి కళ్లని పక్కనపెట్టి సంగీతాన్ని వినడం ఉత్తరాంధ్రకి కొత్త కాదు. విశాఖకి పొరుగునే ఉన్న విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది. చూపులేని ఓ కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న కోరిక దాని పుట్టుకకి కారణమని చెబుతారు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబు ఆ కుర్రాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ఆ కళాశాలకి మొదటి అధ్యక్షుడు. ఆ తర్వాత ఆ పదవి చేపట్టిన ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) చూపు చాలా తక్కువ ఉన్న మనిషే. అయినా ఆయన వయొలిన్ దేశమంతా వినిపించింది. విశాఖలో ఆయన విగ్రహం ఉంది, ఆయన పేరుతో కళాక్షేత్రమూ ఉంది. ఘంటసాల, పి.సుశీల చదువుకున్నది విజయనగరం కళాశాలలోనే.

రెండో గుమ్మం: రాయని నిబంధన

రేడియో దాటి సభకి వస్తే లెక్క మారుతుంది. విశాఖలో కచేరీ అనగానే గుర్తొచ్చేది కళాభారతి ఆడిటోరియం. అక్కడైనా ఇంకో ఊళ్లో సభ అయినా కర్ణాటక కచేరీ వినడమే కాదు, చూడటం కూడా. ముందు వరసలోవాళ్లకి కళాకారుడి చేతులు బాగా కనిపిస్తాయి.

గాయని తాళం వేసే తీరునే చూడండి. ఆదితాళంలో ఒక్క ఆవర్తనానికి రెండుసార్లు చెయ్యి వెల్లకిలా తిరుగుతుంది. అంటే మణికట్టు లోపలివైపు బొమ్మ ఉంటే, రెండు గంటల కచేరీలో అది కొన్ని వందలసార్లు జనానికి కనబడుతుందన్నమాట! వయొలిన్ విద్వాంసుల ఎడమ ముంజేయి లోపలిభాగం పైకి తిరిగే ఉంటుంది. మృదంగం వాయించేవాళ్లు చొక్కా చేతులు మడిచిగానీ మొదలుపెట్టరు. వీణ అయితే చూపంతా వేళ్ల మీదే. శాస్త్రీయ సంగీతంలో ముంజేయి దాగే చోటు కాదు.

పచ్చబొట్టు ఉన్నవాళ్లు పాడకూడదని రాసిపెట్టుకున్న శాస్త్రమేదీ లేదు. సంగీత లక్షణ గ్రంథాలు గాయకుడి గుణదోషాల గురించి పెద్ద జాబితాలే ఇచ్చాయి. అందులో ఎక్కువ భాగం గొంతు, శ్రుతి, లయ, పాడేటప్పటి హావభావాల గురించే. పళ్లు కొరుకుతూ పాడటం, కళ్లు మూసేసుకుని పాడటం, భయపడుతూ పాడటం దోషాలు. చేతి మీద చుక్కలుండటం ఆ లెక్కలోకి రాలేదు.

రాతలో లేకపోయినా చూపులో ఉంది. పట్టుచీర, పూలు, బొట్టు... పంచె, కండువా, విభూతో నామమో... ఇలా కచేరీకి ఒక రూపం స్థిరపడిపోయింది. ఆ రూపంలో ఇమడనిది కనిపిస్తే పెద్దవాళ్లు ఒక్కక్షణం ఆగుతారు. నిర్వాహకులు కూడా రసికుల్ని దృష్టిలో పెట్టుకునే పిలుస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. రాసిన నిబంధన అయితే చదువుకోవచ్చు, సర్దుకోవచ్చు, తప్పని వాదించవచ్చు. పిలుపు రాని కళాకారిణికి మాత్రం కారణం చెబుతూ ఎవరూ ఉత్తరం రాయరు. పాట నచ్చలేదో, పరిచయాలు లేవో, చేతి మీది బొమ్మ నచ్చలేదో ఆమెకి ఎన్నటికీ తెలియదు. తల్లుల భయం లేనిపోనిది కాదనడానికి ఇదొక్కటి చాలు.

సంప్రదాయానికీ గుర్తులున్నాయి

అయితే, శరీరం మీద శాశ్వతమైన గుర్తు అనేదే మన సంగీతానికి పరాయిదా? కానేకాదు. వైష్ణవ దీక్షలో పంచసంస్కారాలుంటాయి. వాటిలో మొదటిది తాపం. కాల్చిన చక్రముద్రని కుడి భుజం మీద, శంఖముద్రని ఎడమ భుజం మీద వేస్తారు. పదకవితా పితామహుడు అన్నమాచార్యులకి ఘనవిష్ణువు అనే యతి వైష్ణవ దీక్ష ఇచ్చినట్టు ఆయన చరిత్ర చెబుతోంది. అంటే ఇవాళ మనం పాడుకుంటున్న సంకీర్తనల కర్త కూడా ముద్ర వేయించుకున్నవాడేనన్నమాట. ఒంటిమీద ఉత్తరీయం మాత్రమే ఉండే కాలంలో ఆ గుర్తులు జనానికి కనబడేవే.

ఇంకాస్త దగ్గరికి వస్తే ముక్కుపుడకలు, చెవిపోగులు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి అనగానే గొంతుతోపాటు ఆమె ముక్కుకి రెండువైపులా మెరిసే వజ్రపు పుడకలు గుర్తొస్తాయి. పాతతరం విద్వాంసుల చెవులకి పోగులుండేవి. ముక్కు కుట్టించుకున్నా, చెవి కుట్టించుకున్నా, పచ్చబొట్టు పొడిపించుకున్నా సూది దిగేది ఒంట్లోకే. కానీ ఒకదాన్ని సంప్రదాయమన్నాం. రెండోదాన్ని నిన్నమొన్నటి దాకా పల్లెటూరి మోటు అలవాటన్నాం, ఇప్పుడేమో పడమటి పోకడ అంటున్నాం!

తేడా గుర్తులో లేదు, ఆ గుర్తు ఎవరిదన్నదాంట్లో ఉంది. నాట్లు వేసిన చేతులు, తిరగలి తిప్పిన చేతులు పచ్చబొట్టు మోశాయి. ఆ చేతులున్నవాళ్ల పాటలు పొలాల్లో, పెళ్లిళ్లలో వినిపించాయి తప్ప కచేరీ వేదిక దాకా రావడం అరుదు. ఇప్పుడు వాళ్ల మనవలు సంగీతం నేర్చుకుని వేదికకి దగ్గరవుతున్నారు. 'టాటూ' అని ఇంగ్లిషు పేరు పెట్టుకున్నా, కొన్ని ఇళ్లలో అది ఎక్కడినుంచో దిగుమతైన వస్తువు కాదు. అవ్వ చేతి నుంచి వచ్చిన వారసత్వమే.

వేదిక కొత్తవాటిని మొదట అనుమానించడం, తర్వాత తనవి చేసుకోవడం మనకి అలవాటే. వయొలిన్ ఐరోపా నుంచి వచ్చి, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల చేతుల్లో కర్ణాటక బాణీ నేర్చుకుంది. ఇప్పుడు అది లేకుండా కచేరీయే లేదు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన వేదిక మీద ఒకప్పుడు స్త్రీలకి చోటుండేది కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) ఆ సమాధికి గుడి కట్టించి, పట్టుబట్టి, స్త్రీల గొంతుని అక్కడికి తీసుకొచ్చారు. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని వచ్చినప్పుడు 'ఇందులో గమకాలు పలుకుతాయా' అని పెదవి విరిచినవాళ్లున్నారు. 1998లో ఆయన్ని పద్మశ్రీ వరించింది. మూడుచోట్లా జరిగింది ఒకటే. ముందు కళ్లు కాదన్నాయి, తర్వాత చెవులు ఒప్పించాయి.

మూడో గుమ్మం: కనిపిస్తేనే మంచిది!

విశాఖలో సంగీతకారుడి టాటూ గురించి నలుపు తెలుపుల్లో రాసిన నిబంధన ఒకటుంది. అది సభది కాదు, నౌకాదళానిది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష లాంటి పెద్ద సంబరం చూసిన బీచ్‌రోడ్డు ఇది. నేవీ బ్యాండు అంటే నగరవాసులకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ బ్యాండులోకి మనుషుల్ని తీసుకోవడానికి నౌకాదళం సంగీతకారుల్ని ప్రత్యేకంగా ఎంపిక చేస్తుంది. 2022లో అగ్నిపథ్ వచ్చాక ఇది అగ్నివీర్ (ఎంఆర్) మ్యుజీషియన్ పేరుతో జరుగుతోంది. శ్రుతిలో పాడగలగాలి, లయ తప్పకూడదు, ఏదో ఒక వాద్యం వాయించడం వచ్చి ఉండాలి. వాటితోపాటు వైద్య పరీక్షలో ఒళ్లంతా చూస్తారు. టాటూ ముచ్చట అక్కడ వస్తుంది.

నౌకాదళం ఒప్పుకునే చోట్లు రెండే. మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలిభాగం ఒకటి, అరచేతి వెనకవైపు రెండోది. ఛాతీ, వీపు, భుజం... ఇంకెక్కడ శాశ్వతమైన టాటూ ఉన్నా అభ్యర్థిని పక్కన పెట్టేస్తారు. అంటే సభలో అందరి కళ్లూ పడే ముంజేతినే యూనిఫారం ఒప్పుకుంటుంది. చొక్కా కింద దాగిపోయే బొమ్మని కాదంటుంది! 'కనబడకుండా వేయించుకుంటే ఏ గొడవా ఉండదు' అని పిల్లలు చెప్పే ఉపాయం ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది.

స్టీల్‌ప్లాంటు గేట్ల దగ్గర కాపలా ఉండే సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నిబంధన చదివితే సంగతి ఇంకా తేటపడుతుంది. మత చిహ్నాలు, పేర్లు ఫర్వాలేదు. ముంజేతి లోపలివైపు లాంటి సంప్రదాయమైన చోట్లు ఫర్వాలేదు. అదీ సెల్యూట్ చేయని ఎడమ చేతికే. అరచేతి వెనకవైపూ ఒప్పే. సైజు మాత్రం ఆ భాగంలో నాలుగోవంతు దాటకూడదు. 'సంప్రదాయమైన చోటు' అంటే మరేమీ కాదు... మన అవ్వలు పచ్చబొట్టు పొడిపించుకున్న చోటే. పచ్చబొట్టు ఆచారంగా ఉన్న గిరిజనుల విషయంలో సైన్యం, నౌకాదళం వాళ్ల ఆచారాన్ని గౌరవించి మినహాయింపులు కూడా ఇస్తాయి. మన్యం ఉన్న ఉత్తరాంధ్రకి ఇది చిన్న సంగతి కాదు.

అలాగని నౌకాదళం ఉదారమని, సభలు సంకుచితమని తేల్చేయనక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ నియమం కాగితం మీద ఉంది. పదో తరగతి చదివే పిల్లాడు కూడా దాన్ని ముందే చదువుకుని నిర్ణయం తీసుకోగలడు.

సముద్రాలు దాటితే...

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఈ విషయం ఒకసారి పెద్ద దుమారమే రేపింది. 2012 జులైలో జర్మనీలోని బైరాయిట్ ఉత్సవంలో వాగ్నర్ ఒపెరా 'ఫ్లయింగ్ డచ్‌మన్'లో ప్రధాన పాత్ర రష్యన్ గాయకుడు యెవ్గెనీ నికితిన్ పాడాల్సి ఉంది. కుర్రతనంలో ఆయన రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. అప్పటి పాత వీడియో ఒకటి జర్మన్ టీవీలో వచ్చింది. అందులో ఆయన ఛాతీ మీద నాజీల స్వస్తికను పోలిన టాటూ కనిపించింది. హిట్లర్ మెచ్చిన సంగీతం వాగ్నర్‌ది. ఆ పీడకలని మర్చిపోవాలని చూస్తున్న ఉత్సవం అది. ప్రారంభానికి నాలుగు రోజుల ముందు నికితిన్ తప్పుకున్నాడు. ఆ పాత్ర కొరియా గాయకుడు శామ్యూల్ యున్‌కి వెళ్లింది.

ఇక్కడ గమనించాల్సింది ఆ టాటూ ఉన్న చోటు. అది ఒపెరా దుస్తుల కింద దాగిపోయేదే. దెబ్బతీసింది బొమ్మ కనబడటం కాదు, అది చెప్పే అర్థం. మన గుమ్మంలో శుభమని వేసుకునే స్వస్తికను పోలిన గుర్తు ఆ దేశంలో గుండెలు అదిరే జ్ఞాపకం. అయినా ఆయన గొంతు మూగబోలేదు. మరుసటి ఏడాదే న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరాలో వాగ్నర్ 'పార్సిఫల్'లో పాడాడు.

ఆర్కెస్ట్రాల సంగతి వేరు. చాలాచోట్ల వాద్యకారుల ఎంపిక తెర వెనక జరుగుతుంది. కచేరీ రోజు అందరూ నల్లటి నిండు చేతుల దుస్తుల్లో ఉంటారు. ఆ నలుపులో టాటూలు కలిసిపోతాయి. కర్ణాటక సంగీతంలో ఆ వెసులుబాటు తక్కువ. మోచేతి దాకా వచ్చే జాకెట్టు, మడిచిన చొక్కా చెయ్యి... ముంజేతిని బయటే ఉంచుతాయి.

పోయేదెంత? మిగిలేదెంత?

శాస్త్రీయ సంగీతంతో బతకడం అంటే ఒక్క కచేరీలే కాదు. మన దగ్గర ఎక్కువమంది సంగీతకారుల ఇల్లు గడిచేది పాఠాలతో. ఇంటి దగ్గర క్లాసులు, స్కూళ్లలో మ్యూజిక్ టీచరు ఉద్యోగం, ఆన్‌లైన్‌లో అమెరికా పిల్లలకి పాఠాలు, మధ్యమధ్య రేడియో కార్యక్రమం, దేవాలయ ఉత్సవాలు, సినిమా రికార్డింగులు. ఇందులో స్టూడియో పనికీ రేడియోకీ చేతితో పనిలేదు. ఆన్‌లైన్ పాఠంలో గురువు సహనమే ముఖ్యం. దేవాలయ ఉత్సవాల్లో, సంప్రదాయ సభల్లో చూపు పడుతుంది. అందులోనూ చిన్న దేవుడి బొమ్మకీ, మోచెయ్యంతా నిండిన పులి బొమ్మకీ తేడా చూస్తారు. కాబట్టి టాటూతో సంగీత జీవితం ముగిసిపోదు. కానీ మొదటి అయిదారేళ్లు, పేరు ఇంకా రానప్పుడు, కొన్ని గుమ్మాలు ఆలస్యంగా తెరుచుకోవచ్చు. పేరొచ్చాక అదే చేతిని అభిమానులు ముచ్చటగా ఫొటో తీసుకుంటారు!

ఆ మొదటి అయిదారేళ్లే ఉక్కునగరం లాంటి చోట ఇప్పుడు ఎక్కువ బరువు. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటులో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకి కేంద్రం ఆమోదం తెలిపినప్పటి నుంచి ఇక్కడి కుటుంబాల్లో బెంగ మొదలైంది. నిరసన దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఏదేమైనా 'నాన్న తర్వాత ప్లాంటులో మనమే' అనుకునే రోజులు కావివి. పిల్లల చేతిలో ఉన్న ప్రతి విద్యా ఒక ఆధారమే. అందుకే సంగీతం నేర్చిన పిల్ల ముంజేయి గురించి ఇంట్లో అంత చర్చ.

పొడిపించుకునే ముందు...

* పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగడం మంచిది. ఆ వయసులో ఇష్టాలు రాగాల్లా మారుతుంటాయి.

* రక్షణ దళాల బ్యాండు మీద ఆశ ఉంటే ఆ ఏడాది నోటిఫికేషన్‌లో టాటూ నిబంధన చదివాకే నిర్ణయం. భుజం మీద వేయించుకుని తర్వాత బాధపడి లాభం లేదు.

* బొమ్మకి ఇంకోచోట ఇంకో అర్థం ఉందేమో కనుక్కోవాలి. అర్థం తెలియని భాషలో అక్షరాలు వద్దు.

* కచేరీలు, పరీక్షలు దగ్గరలో ఉంటే వాయిదా వేసుకోవాలి. గాయం మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా చెమట పట్టే మృదంగ సాధన, చెక్కకి రాసుకునే వయొలిన్ సాధన ఇబ్బందే.

* కొత్త సూది, విడిగా తీసిన రంగు కళ్ల ముందే వాడుతున్నారో లేదో చూసుకోవాలి. ఒకే సూది పదిమందికి వాడితే హెపటైటిస్, హెచ్ఐవీ ముప్పు ఉంటుంది. టాటూ వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు.

* లేజరుతో తీయించుకోవచ్చులే అన్న ధీమా వద్దు. చాలాసార్లు తిరగాలి, ఖర్చూ నొప్పీ ఎక్కువే. ఒక్కోసారి మచ్చ మిగిలిపోతుంది.

కడ్డీకి ఉంటే నాణ్యత!

స్టీల్‌ప్లాంటు నుంచి బయటికొచ్చే టీఎంటీ కడ్డీని దగ్గరగా చూస్తే దాని ఒంటిమీద తయారీదారు గుర్తు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఎర్రగా కాలుతున్నప్పుడే, రోలర్ల మధ్య సాగుతున్నప్పుడే ఆ గుర్తు పడిపోతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం అది ఉండి తీరాలి. ఇల్లు కట్టుకునేవాడు ఆ గుర్తు చూసే కొంటాడు. ఎక్కడ పుట్టిందో చెప్పే గుర్తు ఇనుముకి గౌరవం తెచ్చింది. పునరావాస కాలనీలోని అవ్వ ముంజేతి మీది చుక్కలు చెప్పేదీ ఆ మాటే కదా... ఆమె ఏ ఊరి మనిషో, ఎవరింటి ఆడపడుచో!

సభలవాళ్లు చేయాల్సింది పెద్ద పనేం కాదు. నలుగురు కొత్త పిల్లల్ని పిలిచేటప్పుడు ముందు రికార్డింగు వినడం, ఆ తర్వాతే ఫొటో చూడటం. రేడియో దశాబ్దాలుగా చేస్తున్నది అదే. వేషధారణ గురించి నియమాలేమైనా ఉంటే ఆహ్వానంతోపాటే చెప్పేయడం ఇంకా మంచిది. నౌకాదళం చేయగలిగింది సంగీత సభ చేయలేదా?

ఇక పిల్లలకీ ఒక మాట. మణికట్టు మీద వీణ బొమ్మ గంటలో తయారవుతుంది. ఒక్క వర్ణం మూడు కాలాల్లో నిలబడటానికి నెలలు పడుతుంది. ఆ రెండోది గట్టిగా పట్టుబడితే, తాళం వేస్తున్న చేతి మీద ఏముందో చూడటం మర్చిపోయి జనం పాట వింటారు.